మూడో నంబర్ హ్యాండ్‌సెట్

మొన్న డిపార్ట్‌మెంటు కారు డ్రైవర్‌ను కాల్చినవాడు ఎవరినీ వెంబడించలేదు. ముందే వచ్చి కాచుక్కూర్చున్నాడు. అంటే కారు ఏ గేటులోంచి వస్తుందో వాడికి ముందే తెలుసు.

"ఆ గేటు పేరు మీటింగ్ గదిలో తప్ప ఇంకెక్కడా అనలేదు," అన్నాడు చీఫ్. డిపార్ట్‌మెంటులో అందరికీ ఆయన బాబాయ్. "చెప్పాక కారు కదిలేదాకా ఎవరూ గడప దాటలేదు. సెల్‌ఫోన్లు బయట డబ్బాలో ఉన్నాయి. గదంతా గాలించాం, ఒక్క మైకు దొరకలేదు. అయినా మాట శత్రువు చెవిన పడింది."

"గదిలో ఎవరెవరున్నారు బాబాయ్?"

"నేను, గుమాస్తా తాతయ్య, నెమలి. ఇవాళ పదకొండింటికి మళ్ళీ గేటు చెప్పాలి. ఈసారి మనం కాపాడి పంపాల్సింది ఒక ప్రొఫెసర్నీ, ఆయన కూతుర్నీ. ఆలోపు తేల్చు. నన్ను కూడా నమ్మకు."

"నమ్మట్లేదు," అంది చీమ.

ఏజెంటుగా ఆమె పేరదే. ఎవరి కంటా పడకుండా ఎక్కడికైనా దూరగలదు. పది గంటలకు నీలం యూనిఫాంలో, టూల్ బ్యాగుతో, ఫోన్ల మెకానిక్‌గా ఆఫీసులోకి వచ్చింది. తలెత్తి చూసినవాళ్ళు లేరు.

కార్డ్‌లెస్ ఫోన్లు నాలుగు. ఒకటోది బాబాయ్ దగ్గర, రెండోది తాతయ్య దగ్గర, మూడోది మీటింగ్ గదిలో.

"నాలుగోది రిపేరుకు పంపారటమ్మా," అన్నాడు తాతయ్య.

"ఎవరు పంపారు?"

"ఏమో, బాబాయే అనుకుంటా. అది సరే, నా ఫోను చూడు. మాట మధ్యలోనే ప్రాణం వదిలేస్తోంది. నాకంటే ముందే ముసలిదైపోయింది."

చీమ మూత తీసింది. రెండు బ్యాటరీ సెల్స్‌లో ఒకటి కొత్తది, ఒకటి పాతది. "కోడెనూ కుంటెద్దునూ ఒకే కాడికి కట్టారు తాతయ్యా. మార్చితే రెండూ కలిపే మార్చాలి."

కొత్త జత వేసింది. పాత సెల్‌ను, బ్యాగులో ఉన్న మరో కాలం చెల్లిన సెల్‌ను జేబులో వేసుకుంది. ఈయన నిజంగానే ఇంత అమాయకుడా, లేక ఇంత గొప్ప నటుడా?

మీటింగ్ గదిలో మూడో నంబర్ ఫోను చార్జింగ్ స్టాండులో లేదు. పూలకుండీ వెనక బోర్లా పడి ఉంది. తెరమీద బ్యాటరీ గుర్తులో ఒకే ఒక్క గీత మిగిలింది.

"దాన్ని ఎవరూ వాడరు చెల్లీ." సెంటు వాసన ముందొచ్చింది, వెనక నెమలి వచ్చింది. శత్రువుల గుట్టు తెచ్చిస్తానంటూ మూడేళ్ళుగా రెండు వైపులా తిరుగుతున్న అందగత్తె. "చార్జింగ్ ఎక్కువైతే బ్యాటరీ ఉబ్బుతుందని నేనే తీసి పక్కన పెడుతుంటా."

చాలా ఆఫీసుల్లో జరిగేదే. తప్పు పట్టడానికి లేదు. కానీ వాడని ఫోను ఊరికే పడుంటే రోజులు గడిచినా చార్జింగ్ అంత తగ్గదు. ఇది గంటల తరబడి లైన్లో ఉంది. ఎవరో ఇంకో హ్యాండ్‌సెట్‌కు ఇంటర్‌కమ్ కలిపి, నోరు మూసుకుని దీన్ని చెవిలా వదిలేస్తున్నారు. ఆ పని నెమలిదా? తాతయ్యదా? బాబాయ్‌దేనా?

ఇప్పుడు ఫోను లాక్కుంటే ఫోనే దొరుకుతుంది, దొంగ దొరకడు. నెమలి వెళ్ళగానే చీమ జేబులోని నీరసపు సెల్స్‌ను మూడో నంబర్‌లో వేసి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

పదకొండయింది. తలుపు మూశారు. చీమ గోడ దగ్గర వైరు పని పెట్టుకుని నేలమీద కూర్చుంది. "ఆ అమ్మాయిని పని చేసుకోనివ్వండి," అన్నాడు బాబాయ్. "తను కూడా గది దాటదు. ఇక ఇవాళ గేటు..."

బీప్.

చీమ మూడు ముఖాలనూ చూసింది. బాబాయ్ చిరాకుపడ్డాడు. తాతయ్య లేచాడు. "దానికి ఆకలేస్తోంది. స్టాండులో పెట్టేస్తా."

"మీరు కూర్చోండి తాతయ్యా, నేను చూస్తా." నెమలి చెయ్యి ముందే చేరింది. స్టాండు జానెడు దూరంలో ఉంది. ఆమె అటు చూడనేలేదు. వెనక్కి తిరిగి, హ్యాండ్‌బ్యాగులోని మేకప్ డబ్బా తెరిచి, రెండు సెల్స్ మార్చి, రెండు మీటలు నొక్కి ఫోను మళ్ళీ బోర్లా పెట్టింది.

"గేటు..." అన్నాడు బాబాయ్.

చీమ ఒక్క గెంతులో లేచి ఫోను స్టాండులో పెట్టింది. క్లిక్. లైన్ కట్.

"ఏంటి చెల్లీ ఇది!"

"లిప్‌స్టిక్ పక్కన చార్జింగ్ నిండిన సెల్స్ ఎందుకక్కా?"

"మధ్యలో ఆగిపోతే ఇబ్బందని..."

"పక్కనే స్టాండుంది. అందులో పెడితే లైన్ తెగుతుందనేగా నీ భయం?"

నెమలి ముఖాన రంగు తప్ప రక్తం లేదు. తలుపు వైపు దూకబోయింది. తాతయ్య కుర్చీ అడ్డం తోశాడు. చేతులకు బేడీలు, నోటికి ఆమె స్కార్ఫే.

గడియారంలో పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అవతలివాళ్ళకు అనుమానం రాకముందే చీమ ఇంటర్‌కమ్ మీట, రిపేరుకని మాయమైన నాలుగో ఫోను నంబరు నొక్కి, ఫోనును ఎప్పటిలాగే బోర్లా పెట్టి, బాబాయ్‌కి సైగ చేసింది.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ వెనక గేటు."

ప్రొఫెసర్, కూతురు ముందు గేటులోంచి వెళ్ళిపోయారు. వెనక గేటు దగ్గర తుపాకులతో కాచుకున్న నలుగురూ తలెత్తేలోపే దొరికిపోయారు. వీధి చివర వ్యానులో ఇంకొకడు. వాడి పక్కనే, సొంత స్టాండులో, పోయిన నాలుగో నంబర్. తళతళా తుడిచి ఉంది, బ్యాటరీ గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చాడు. "శత్రువైతేనేం, మన ఆఫీసులో ఒక్కడూ ఫోన్ని ఇంత శ్రద్ధగా చూసుకోలేదు."