ముత్యాల పడవాయన ఇంట్లో శోకం

గల్ఫులో మేం పనిచేసే హిద్ ఊళ్ళో పాత చేపల మార్కెట్ దాటాక ఎడమచేతి వైపు ఒక సందు ఉంది. చీకటి పడితే మనవాళ్ళెవరూ అందులో అడుగు పెట్టరు. చుట్టూ తిరిగైనా పోతారు గానీ... ఆ సందులోంచి పోరు.

సందు చివర ముత్యాల పడవాయన ఇల్లు. సముద్రపు రాతి గోడలు. మధ్యలో వాకిలి, వాకిట్లో సగం పూడిన బావి. ఒకప్పుడు నీళ్ళు ఆ గుమ్మం దాకా వచ్చేవట. ఇప్పుడు మట్టి పోసి సముద్రాన్ని ఎక్కడికో జరిపేశారు. ఇల్లు మాత్రం అటే చూస్తూ ఉంటుంది.

ముత్యాల వేటకి వెళ్ళిన ఆయన పడవ తిరిగి రాలేదట. ఆయన భార్య అక్కడే ఏడ్చి ఏడ్చి పోయిందట. ఇప్పటికీ ఏడుస్తుందని...

పోర్టులో పనిచేసే బుల్లబ్బాయి ఒకసారి డ్యూటీ దిగి తెలియక ఆ సందులో పడ్డాడు. జ్వరంతో మంచం ఎక్కాడు. చూడ్డానికి వెళ్తే, "దెయ్యమైతే అయ్యింది గానీ సూర్యావతక్కా, రాగం మాత్రం బాగా తీసింది" అన్నాడు. నన్ను నవ్వించడానికే అన్నాడు.

నేను పెద్దగా నమ్మలేదు. ఆ ఇల్లు మా కఫీల్ — అంటే నన్ను పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని — వాళ్ళ తాతలది. అప్పుడప్పుడూ తుడిచి వచ్చేది నేనే. పగలు.

ఈ చలికాలం ఆ ఇంటికి ఒకావిడ వచ్చింది. పేరు స్తమాతా. పుట్టింది ఆస్ట్రేలియాలో, అమ్మానాన్నలది గ్రీసు. ఒపెరాలు కడుతుందిట. అంటే మన పద్యనాటకం లాంటిదే, మాటలన్నీ పాడతారు. కానీ ఈవిడ దానికి స్టేజీ ఉండదు, వేషాలుండవు. పాడుబడ్డ చోటు ఒకటి చూసుకుని, గోడల్లో గొంతులు దాచి, చీకట్లో జనాన్ని నడిపిస్తుంది.

"దెయ్యాన్ని వెతుక్కుంటూ విమానమెక్కి వచ్చిన మనిషిని ఈవిణ్ణే చూశాను" అంది పక్కింట్లో పనిచేసే శోభారాణి.

కఫీల్ నన్ను పగలంతా ఆవిడ దగ్గరికి పంపేవాడు. తుడవడం, టీ పెట్టడం. నాది వంటింటి ఇంగ్లీషు. ఆవిడ నా కోసం నెమ్మదిగా మాట్లాడేది.

మొదటి ఒపెరా ఒక చెప్పుల ఫ్యాక్టరీలో కట్టిందిట. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి కుట్టిన ఫ్యాక్టరీ. మూతపడ్డాక ఆ కుట్టుమిషన్ల చేతే పాడించింది. జనం నవ్వారు. రెండోది ఒక పాత ఓడ అడుగున. అప్పుడెవరూ నవ్వలేదు. దేశదేశాలూ పిలిచాయి, బహుమానాలిచ్చాయి. ఆ తర్వాత ఎవరూ పాడని ఒపెరా ఒకటి కట్టింది. మొదట్నించి చివరిదాకా ఊపిరి చప్పుడే. దాంతో పిలవడం మానేశారు.

"పెళ్ళి?" అన్నాను.

"టైము దొరకలేదు."

"పిల్లలు?"

చేతిలో వైరు చుడుతూనే ఉంది. "ఓడ ఉందిగా" అంది.

ఇద్దరం నవ్వాం.

ఇన్నేళ్ళకి మనామా నుంచి ఈ ఒక్క పిలుపు వచ్చిందిట. ఇదీ కుదరకపోతే ఊరెళ్ళి పిల్లలకి పియానో చెప్పుకోవడమే.

ఒకరోజు అడిగింది. "సూర్యా, మీ ఊళ్ళో మనిషి పోతే ఆడవాళ్ళు పాడతారా?"

"పాడరు మేడం. ఏడుస్తారు."

"ఎలా?"

చెప్పాను. పోయినవాళ్ళు ఏం తిన్నారో, ఏం కట్టారో, ఎలా నడిచారో... రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారని. మా ఊరి సుబ్బాయమ్మ శోకం పెడితే దారిన పోయేవాడు సైకిల్ దిగేవాడని.

ఆవిడ కదలకుండా విన్నది. వాళ్ళ అమ్మమ్మా అంతేనట, గ్రీసులో రాళ్ళ మధ్య ఊళ్ళో. ఆస్ట్రేలియా వెళ్ళాక వాళ్ళమ్మ మానేసింది.

"అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు" అంది. "మైకు పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా పాడతారేమోనని. ఎవరూ పాడలేదు."

తర్వాత, ఆ శోకం ఒక్కసారి పెట్టమంది.

"వద్దు మేడం. చావు లేని ఇంట్లో శోకం పెట్టకూడదు."

"పెడితే?"

"చావుని తెచ్చుకుంటుంది."

చిన్నప్పుడు బొమ్మలాటలో ఉత్తుత్తిగా ఏడిస్తే అమ్మ మూతి మీద కొట్టేది. ఉత్తి శోకం ఊరికే పోదు. దానికి మనిషి కావాలి.

ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగకుండా చూస్తూ ఉండేది. ఆ చూపు నన్ను ఓడించింది.

మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. కఫీల్ ఇంట్లో పెళ్ళి. వెళ్ళనివ్వలేదు. అమ్మని ఫోన్లో చూశాను, వంటింట్లో నిలబడి, నోట్లో చున్నీ కుక్కుకుని. సరే, అమ్మ మీద పెడదాం అనుకున్నాను. పోయిన మనిషే కదా. తప్పేముంది?

బావి దగ్గర కూర్చున్నాను. మైకు పెట్టింది. అమ్మ మీదే మొదలెట్టాను — పొయ్యి ఊదే తీరు, తడి చెయ్యి చీరకి తుడుచుకునే తీరు...

శోకం అమ్మ మీంచి ఎక్కడ మళ్ళిందో నాకు తెలీదు.

ఆగేసరికి మేడం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మైకు కట్టేసి అడిగింది.

"సాయికుమారి... మీ అమ్మ పేరా?"

నేను లేచి నిలబడ్డాను.

సాయికుమారి నా కూతురు. పాలపళ్ళు ఊడే వయసులో వదిలి వచ్చాను. మేడం మైకులో పట్టింది మళ్ళీ వినిపిస్తే తెలిసింది. దాని రిబ్బన్లు, దాని కాటుక, నా ఆటో వెనక అది పరిగెత్తడం — అన్నీ చెప్పేశాను. పోయినదాని గురించి చెప్పినట్టు.

అది బతికే ఉంది. అమలాపురంలో మా చెల్లెలి దగ్గర ఉంది. తొలికానుపు. పుట్టింటివాళ్ళు చెయ్యాల్సింది. దాని అమ్మనైన నేను ఇక్కడున్నాను కాబట్టి చెల్లెలు చేస్తోంది. నెలలు నిండాయి.

"చెరిపెయ్యండి మేడం."

"సూర్యా, ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్న గొంతు ఇది. ఇక్కడ ఎవరికీ అర్థం కాదు."

"మనుషులకి అర్థం కాదు. ఇంటికి?"

నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే చెల్లెలి ఫోన్. "నెప్పులొచ్చాయే. హాస్పిటల్‌కి బయల్దేరాం." కాసేపటికి మళ్ళీ — "ఆపరేషన్ అంటున్నారు. రక్తం బాగా పోయింది. దేవుడికి దణ్ణం పెట్టుకో." ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగడమే. ఎత్తరు.

దేవుడి బొమ్మ ముందు నిలబడ్డాను. దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు. నా శోకం ఆ ఇంట్లో ఉంది. నా పిల్ల పేరు పెట్టి ఉంది.

పొయ్యి కట్టేసి పరిగెత్తాను. మసీదులో రాత్రి నమాజు అయిపోయి జనం సర్దుకున్నారు. చేపల మార్కెట్... ఎడమచేతి సందు...

సగం దూరంలోనే వినపడింది.

ఏడుపు. రాగం తీసి, ఊపిరి పట్టి, మళ్ళీ తీసి...

నా గొంతే అనుకున్నాను. ఆవిడ చెరపలేదు. ఇల్లు నా కూతుర్ని ఏడుస్తోంది. నా పిల్ల అక్కడ ఆపరేషన్ బల్ల మీద ఉంది. తలుపు తోశాను.

"ఆపండి!"

ఏడుపు ఆగింది.

చీకటి. ఏమీ కనపడలేదు. తర్వాత బావి దగ్గర్నుంచి... మెల్లగా...

"సూర్యా?"

ఫోన్ లైటు వేశాను. మేడం నేల మీద కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని. వైర్లన్నీ చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి.

"నువ్వు గుమ్మం దాటగానే చెరిపేశాను" అంది.

"మరి ఇప్పుడు ఏడ్చింది—"

"నేనే."

ముప్ఫై ఏళ్ళు ఊరందరి గొంతులూ మూటగట్టిన మనిషి, ఒక్కసారీ తను నోరు తెరవలేదట. ఇవాళ వాళ్ళమ్మ మీద తెరిచింది.

"మాటలు చాలడం లేదు సూర్యా. అమ్మ వంటింట్లో మాట్లాడిన గ్రీకు ఒక్కటే వచ్చు నాకు. ఎలా ముగించాలో తెలీట్లేదు."

విరబోసుకున్న జుట్టు రెండు చేతులా పట్టుకుంది.

మాలో ఎవర్నీ ఒంటరిగా శోకం పెట్టనివ్వరు. వచ్చిన ఆడది పక్కన కూర్చుని మెడ చుట్టూ చెయ్యెయ్యాలి. పగవాళ్ళయినా సరే. కానీ నా కూతురు అక్కడ... మళ్ళీ నోరు తెరవడమా?

అప్పుడు తోచింది. ఇప్పుడు ఈ ఇంట్లో చావు ఉంది. వాళ్ళమ్మది. మా అమ్మది. ఎవరి శోకం వాళ్ళకి అప్పజెప్పేస్తే నా పిల్ల జోలికి రాదు.

కూర్చున్నాను. ఆవిడ మెడ చుట్టూ చెయ్యేశాను. ఈసారి అమ్మని గట్టిగా పట్టుకున్నాను. సాయి పేరు నాలుక మీదికొస్తే పళ్ళతో ఆపాను. ఆవిడ వాళ్ళమ్మని, నేను మా అమ్మని. ఎంతసేపో తెలీదు.

ఫోన్ మోగింది.

"ఆడపిల్లే! సాయి ఇప్పుడే కళ్ళు తెరిచింది. ఎంతకీ తెరవలేదే... చంపేసింది మమ్మల్ని." చెల్లెలు ఏడుస్తూనే తిడుతోంది. తిట్టించుకుంటూ కూర్చున్నాను.

ఆ వారంలోనే మేడం ఒపెరా అయింది. ఆవిణ్ణి పిలిచిన పెద్దవాళ్ళు రాజధాని మనామా నుంచి వచ్చారు. గోడల్లో గొంతులు లేవు. చీకట్లో బావి దగ్గర కూర్చుని ఆవిడే ఏడ్చింది. సగంమంది మధ్యలోనే లేచి పోయారు. ఆవిడ ఆగలేదు. మర్నాడు పెట్టె సర్దుకుంటూ, "ఇంక పియానోనే" అంది. ముఖం మాత్రం తేటగా ఉంది.

ఇందాక సాయి మాట్లాడింది. కానుపయ్యాక తీరిగ్గా మాట్లాడటం అదే మొదలు.

"అమ్మా, ఆ రాత్రి నువ్వు ఏడ్చావు కదూ?"

"ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. మత్తులో వినపడింది. ఎటో వెళ్ళిపోతున్నాను... మీ ఏడుపుకి ఆగిపోయాను."

మేడం సంగతి చెప్పాను.

"ఆవిణ్ణీ చూశాను. జుట్టు విరబోసుకుని, నీకు ఎడంపక్క."

"ఊఁ."

"కుడిపక్క కూర్చున్నావిడ ఎవరమ్మా? నేనెప్పుడూ చూడని మనిషి. నల్ల ముసుగేసుకుని, నీ మెడ చుట్టూ చెయ్యేసి... నాకేసి చూసి, వెనక్కి పొమ్మని సైగ చేసింది."

అవతల పాప ఏడుపు లంకించుకుంది. "ఉండమ్మా, దీన్ని ఎత్తుకుని మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది.

ఆ రాత్రి అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఇంకా ఎత్తలేదు.