పాంచా కనుమలో జారిన సైకిలు

లోర్నా ఫిస్క్ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నా పుట్టినరోజు మార్చి పద్నాలుగు. మా అమ్మాయి కొరీన్, అల్లుడు ట్రావిస్, మనవరాలు పైపర్. అన్నీ గుర్తున్నాయి కదా? మరి సైకిలు స్టాండుకి పిన్ను పెట్టడం ఎలా మరిచిపోతానండీ?"

ప్రైవేట్ డిటెక్టివ్ హెట్టీ బ్రాడిన్ ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టింది. సహాయకుడు వెండెల్ కాఫీ తెచ్చాడు. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన వెండెల్‌కు సలైడా ఊళ్లో ప్రతి గుమ్మమూ తెలుసు. హెట్టీ బుర్రలో ఏముందో మాత్రం ఏనాడూ తెలియలేదు. అందుకే ఆమె అంటే అతనికి అంత గురి.

లోర్నా కప్పు అందుకుంది, కాఫీ కొంత ఒళ్లో ఒలికింది. ఆమె అది గమనించలేదు.

తొమ్మిది రోజుల కిందట, ఆదివారం ఉదయం, వానలో బయలుదేరారు. ముందు లోర్నా కారు, దాని వెనక స్టాండు మీద ఆమె ఎలక్ట్రిక్ సైకిలు. ఆ వెనకే ట్రావిస్ ట్రక్కు, అందులో కొరీన్, ఎనిమిదేళ్ల పైపర్. పాంచా కనుమ దిగుతుండగా స్టాండు సైకిలుతో సహా ఊడి రోడ్డు మీద పడింది. దాన్ని తప్పించబోయి ట్రక్కు రోడ్డు అంచున ఉన్న ఇనుప కమ్మీని గుద్దుకుంది. పైపర్ చెయ్యి విరిగింది. కమ్మీ అవతల లోయ.

"కొరీన్ పిల్లతో అంబులెన్సులో వెళ్లింది. నన్ను షెరిఫ్ మనిషి తీసుకెళ్లాడు. పాపం ట్రావిసే వానలో నిలబడి అన్నీ సర్దాడు. స్టాండుని కారుకి పట్టి ఉంచే పిన్ను నేను అసలు పెట్టనే లేదట. బ్యాటరీ కూడా తియ్యకుండా సైకిలుకే వదిలేశానట. నేను ఎప్పుడూ తీసి కారులో పెడతానండీ, బరువు తగ్గుతుందని!"

"ఆ స్టాండు కొత్తదా?"

"నాలుగేళ్లది. కారు వెనక స్పేర్ టైరు అడ్డొస్తుంటే, కిందటి నెల మా అల్లుడే దాని కాడ కొస కోసేసి, పొడుగాటి ముక్క అతికి ఇచ్చాడు. బంగారంలాంటి వాడు." లోర్నా కప్పు పక్కన పెట్టింది. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు పొయ్యి ఆర్పడం మరిచిపోయింది, తర్వాత నన్నే మరిచిపోయింది. కొరీన్ నా కారు తాళాలు తీసేసుకుంది. పైపర్‌ని నాతో ఒక్క నిమిషం వదలదు. శుక్రవారం నన్ను మతిమరుపు పరీక్షలకి తీసుకెళ్తారు. నిజం చెప్పనా? ఎవరో కావాలనే ఆ పిన్ను లాగేసి ఉంటే బాగుణ్ణనిపిస్తోంది. నన్ను చంపాలనుకున్నా సరే. ఎంత పాపిష్టి ఆశో చూడండి."

హెట్టీ నవ్వలేదు. "ఆ రోజు సైకిలు ఎవరు ఎత్తారు?"

"పక్కింటి ఆర్విల్. యాభై పౌండ్ల పైమాటే, నా వల్ల కాదు."

ఆర్విల్ స్టామ్ తలుపు గొలుసు తియ్యకుండానే మాట్లాడాడు. అతని ముఖంలోనూ భయం ఉంది.

"నా మీదకి తోస్తున్నారా? నేను ఎత్తిపెట్టానంతే. పట్టీలు ఆవిడే బిగించింది. నేను పట్టుకుని గట్టిగా ఊపాను, కారు మొత్తం ఊగింది."

"పిన్ను చూశారా?"

"వంగి చూసే నడుమా ఇది? ఆవిడ ఎప్పట్లాగే సైకిలు నడుముకి ఆ స్నానాల టోపీ తొడిగింది, హోటళ్లలో ఊరికే ఇస్తారే, అది. దీన్ని తలంటుకి పంపుతున్నావా అని ఏడిపించాను కూడా."

"చాలా సాయం చేశారు," అంది హెట్టీ. ఏం సాయమో వెండెల్‌కు అంతుపట్టలేదు.

ట్రావిస్ గరాజులో సైకిలు గోడకు ఆనించి ఉంది. ఎడమ పక్కంతా తారురోడ్డు చెక్కేసింది. పెడలు విరిగింది, చట్రం మీద రంగు లేచిపోయింది. దాని మధ్యన నల్లటి బ్యాటరీ నిగనిగలాడుతూ కూర్చుంది. ట్రావిస్ గుమ్మంలో నిలబడి, శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"అత్తయ్యని ఏమీ అనకండి మేడమ్. వయసైపోయింది, అంతే."

లోర్నా ఇచ్చిన తాళంచెవితో హెట్టీ బ్యాటరీని విడదీసి, అది కూర్చునే గాడిలో వేలు పెట్టింది. వేలికి సన్నటి రోడ్డు ఇసుక అంటింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, పక్కనే నేల మీదున్న స్టాండు కాడను నాలుగు వైపులా తడిమింది. కారు అడుగున ఉండే చదరపు గొట్టంలోకి దూరేది ఆ కాడే. రెండింటికీ అడ్డంగా పిన్ను గుచ్చుతారు.

"ఏం కనిపిస్తోంది వెండెల్?"

"కొస నున్నగా మెరుస్తోంది. ఇంకేమీ లేదు."

"సరిగ్గా చెప్పావు."

గురువారం మధ్యాహ్నం అందరూ లోర్నా వంటింట్లో చేరారు. కొరీన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పైపర్ చేతికి ఆకుపచ్చ కట్టు ఉంది. ఆర్విల్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోర్నా తీర్పు వినబోయే మనిషిలా బల్ల అంచు పట్టుకుంది.

"స్నానాల టోపీ దేనికి తొడుగుతారు లోర్నా గారూ?" అంది హెట్టీ.

"బ్యాటరీ తీసేశాక ఆ గాడిలోకి వాన పోకుండా."

"బ్యాటరీ ఉంటే టోపీ పట్టదు. టోపీ తొడగడం ఆర్విల్ గారు చూశారు. అంటే బ్యాటరీ అప్పటికే కారులో ఉంది. సైకిలు తారు మీద ఈడ్చుకుపోయినప్పుడు టోపీ చిరిగి, ఖాళీ గాడిలో ఇసుక చేరింది. సైకిలంతా గీతలే. బ్యాటరీ మీద ఒక్క గీత లేదు. దాన్ని పడిపోయిన తర్వాత బిగించారు. తియ్యడానికి తాళంచెవి కావాలి గాని, బిగించడానికి నొక్కితే చాలు."

"ఎవరు?" అంది కొరీన్.

"వానలో అక్కడ ఒక్కరే మిగిలారు."

ట్రావిస్ లేచాడు. "సరే, కంగారులో బ్యాటరీ నేనే పెట్టానేమో! పిన్ను మరిచిపోయింది మాత్రం అత్తయ్యే కదా?"

"ఎక్కడ పెట్టాలి ట్రావిస్, ఆ పిన్ను? మీ గరాజులో ఉన్న కాడకి రంధ్రమే లేదు."

వెండెల్ నుదురు కొట్టుకున్నాడు. గరాజులో 'ఇంకేమీ లేదు' అన్నది అతనే మరి.

"రంధ్రం ఉన్నది మీరు అతికిన ముక్కకి," అంది హెట్టీ. "ఆవిడ పిన్ను పెట్టింది. అది ఊడలేదు. మీ అతుకు విరిగింది. ఆ ముక్క పిన్నుతో సహా కారుకే ఉండిపోయింది. మీరు దాన్ని లాగి దాచేశారు. ఇంటికెళ్లి విరిగిన కొసను అరగదీశారు. బ్యాటరీ మరిచిపోయిందని చూపిస్తే పిన్ను సంగతీ అందరూ నమ్ముతారు. ఆవిడ కూడా నమ్మింది."

ట్రావిస్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆ రోజు పైపర్ ట్రక్కు వెనక సీట్లో అరుస్తోంది," అన్నాడు. "నా చేత్తో అతికిందే నా పిల్ల మీదకి... ఆ మాట కొరీన్‌కి చెప్పలేకపోయాను. భయమేసింది. ముక్క ట్రక్కు సీటు కిందే ఉంది."

కొరీన్ అతని వైపు చూడలేకపోయింది. తల్లి వైపు అసలే చూడలేకపోయింది.

లోర్నా బల్ల అంచు వదిలింది. "అతుకు విరిగింది, సరే. ఇనుమే కదా. కాని ఇన్ని రోజులూ అద్దం ముందు నిలబడి నా పేరు నాకే అప్పజెప్పుకున్నాను ట్రావిస్. నువ్వు సూపు తెచ్చిచ్చావు. నేను వణుకుతుంటే చూస్తూ కూర్చున్నావు."



కొరీన్ చేతిసంచిలోంచి కారు తాళాలు తీసి తల్లి అరచేతిలో పెట్టింది. లోర్నా వేళ్లు వాటి చుట్టూ మూసుకోలేదు. తప్పు తనది కాదని తెలిసినా భయం మాత్రం వదల్లేదు.

"ఇప్పుడు నాతో ఎవరు ఎక్కుతారే?" అంది.

పైపర్ లేచింది. పెరటి తలుపు తోసుకుని వెళ్లింది. కిటికీలోంచి అందరూ చూస్తుండగా అమ్మమ్మ కారు వెనక సీట్లో ఎక్కి, ఒంటి చేత్తో తంటాలు పడుతూ బెల్టు పెట్టుకుంది.