కుబుసం విడిచిన ధూమ్ర

చంద్రశిలను ఏలే కరాళవర్మకు మనుషుల మీద లేని ప్రేమంతా ఒక సాలీడు మీద ఉండేది. దాని పేరు ధూమ్ర. అరచేతిని మించిన ఒళ్ళు, ఒళ్ళంతా నూగు. అది కుబుసం విడిచిన రోజున విందు చేయడం ఆ కోటలో ఆచారం. పాపం అలిసిపోయింది కదా అని, ప్రాణమున్న కీచురాళ్ళను బుట్టెడు తెచ్చి దాని ముందు కుమ్మరించేవారు. అది భయపడి కన్నంలోకి పారిపోతే, సిగ్గుపడుతోందని అందరూ మురిసిపోయేవారు. బుద్ధిమంతులు మరి!

ఈసారి ధూమ్ర పారిపోలేకపోయింది. ఒక కాలు పాత తోలులో ఇరుక్కుంది. కీచురాళ్ళు దాని మెత్తటి ఒంటిని కొరికేశాయి. గాయాల్లోంచి నీలి రసం కారుతుంటే అది కాళ్ళు ముడుచుకుంది. బుట్ట కుమ్మరించినవాడు సాలీడు కాపరి గౌరన్న.

"అమావాస్యలోగా ధూమ్ర లేచి నడవకపోతే వీణ్ణి ఏనుగు చేత తొక్కించండి," అని రాజు అతణ్ణి పాడునూతిలోకి దింపించాడు.

గౌరన్న కూతురు చెంగల్వకు తండ్రి తప్ప దిక్కులేదు. మొలలో కత్తి దోపుకుని అడవి దారి పట్టింది. అక్కడ ఒక ముని కనిపిస్తే కాళ్ళ మీద పడింది.

"పురుగుకు మందా! నా జపం చెడగొట్టావు. నీ జుట్టు కోసిచ్చి పో, కమండలానికి తాడు పేనుకుంటాను," అన్నాడాయన. జుట్టు చేతిలో పడ్డాకే దారి చెప్పాడు. "ఏటి అవతలి గుహలో ఏటేటా తోలు మార్చుకునే రక్కసి ఉంది. తెలిస్తే దానికే తెలియాలి."

ఏటిలోని మొసలి చెవికమ్మ ఇస్తే దాటిస్తానంది. చెంగల్వ కమ్మ శీల తిప్పేలోగా చెవి తమ్మెతో సహా లాక్కుంది. నెత్తురు తుడుచుకుంటూ ఏరు దాటి పిల్ల గుహ చేరింది.

రక్కసి అప్పుడే తోలు విడిచి కదల్లేక పడి ఉంది.

"పొడుస్తావా? ఇప్పుడు నా ఒళ్ళు వెన్నముద్ద," అంది.

"నిన్ను పొడిస్తే మా నాన్న బతుకుతాడా?" అని చెంగల్వ ఏటి నీళ్ళు తెచ్చి దాని నోట్లో పోసింది. పోస్తూనే తన గోడు చెప్పుకుంది.

రక్కసి గటగటా తాగింది. "తోలు మారినప్పుడు మాకు కావలసింది నీళ్ళు. కోరలు గట్టిపడేదాకా మేత చూపించినవాడే శత్రువు. గాయాలకు బియ్యప్పిండి అద్దు. ఇరుక్కున్న కాలి సంగతి కావాలంటే చిటికెన వేలు కోసివ్వు. ఊరికే చెప్పే అలవాటు నాకు లేదు."

చెంగల్వ రాతి మీద చెయ్యి పెట్టి, పళ్ళు బిగించి, తనే కోసిచ్చింది.

"ఆ కాలు తెంచెయ్యి. మరోసారి కుబుసం విడిచాక కొత్తది వస్తుంది. నీకు మాత్రం వేలు రాదు," అని నవ్వింది రక్కసి.

కోటకు తిరిగొచ్చి, రాజు కేకలు పెడుతున్నా వినక చెంగల్వ ఆ కాలు తెంచింది. పిండి అద్ది, పళ్ళెంలో నీళ్ళు పెట్టి, ఎవరినీ ముట్టనివ్వకుండా కాపలా కాసింది. అమావాస్య ముందునాడు ధూమ్ర లేచి నడిచింది.

"నా ధూమ్రకు ఒక కాలు తీశావు కాబట్టి మీ నాన్నకూ ఒక కాలు తీయించి వదులుతాను," అంటూ రాజు ముద్దుగా దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. గాయం నొక్కుకుంది. కోరలు అప్పటికే గట్టిపడ్డాయి. కసుక్కున దిగాయి. చూస్తుండగానే చెయ్యి మోచేతి దాకా నల్లబడింది.

"రాజ్యం నీకిచ్చేస్తాను, నన్ను బతికించు తల్లీ!" అని కరాళవర్మ సభలోనే సాష్టాంగపడ్డాడు.

"ఆ చెయ్యి తీసేస్తే బతుకుతారు," అంది చెంగల్వ. ఆమెకు జాలి కలగలేదు. తలారి పని ముగించేదాకా కన్నార్పకుండా చూసి, కిరీటం తీసి తలన పెట్టుకుంది. కొలువంతా జేజేలు కొడుతుంటే నూతి దగ్గరకు పరుగెత్తింది.

ఎముకల గూడైన గౌరన్నను పైకి లాగారు. పెదాలు పగిలి మాట అతికష్టం మీద పెగిలింది.

"అమ్మా, ధూమ్ర నీళ్ళు తాగిందా?" అన్నాడు.

"తాగింది నాన్నా. ఇప్పుడు నువ్వు తాగు," అని చంద్రశిల రాణి నాలుగు వేళ్ళ చేత్తో చెంబు అతని నోటికి అందించింది.