వాల్ తిప్పే ముందు

చిప్పు మీద వేలు పెట్టిన జితేందర్ కెవ్వున అరిచాడు.

"కాలిందా?" అంది మాలతి.

"వేలా, చిప్పా?"

"చిప్పు. వేళ్ళు ఇంక తొమ్మిదున్నయ్ గద నీకు."

కాలింది. అది రెండో చిప్పు. ఇక మిగిలింది ఒక్కటే. రేపు పొద్దున పదింటికి పరీక్ష పెట్టడానికి ఎక్స్‌టర్నల్ వస్తాడు. అప్పటికి బోర్డు పని చేయకపోతే ఇద్దరి ఫైనలియర్ ప్రాజెక్టూ గోవిందా. డిగ్రీ మళ్ళీ వచ్చే ఏడాదే.

తప్పంతా రాములు సార్‌దే. ఆ ఇద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. మాలతి ప్రాజెక్టు ఐ-టూ-సీ, జితేందర్‌ది ఎస్పీఐ. చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు భాషలన్నమాట. రెండోది బాగా వేగం. వనపర్తిలో వాళ్ళ కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది ఒకే బోర్డు. "ఇద్దరు గలిసి ఒక్కటే చెయ్యున్రి. అవే తీగల మీద రెండు భాషలు నడవాలె. కొత్తగుంటది" అనేసి సార్ చాయ్‌కి వెళ్ళిపోయాడు. అది 2006 జనవరి. ఇప్పుడు ఏప్రిల్.

ఈ మూడు నెలల్లో మాలతి రెండు విషయాలు కనిపెట్టింది. రోజూ గద్వాల బస్సు దిగి వచ్చే ఈ అబ్బాయి ఎవరినీ మాట పూర్తి చేయనివ్వడు. నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడుతుంది. రెండోదాన్ని ఆమె ల్యాబ్ రికార్డులో రాయలేదు.

"నీ ఐ-టూ-సీ తీగను కిందికి గుంజుతది. నా ఎస్పీఐ మీదికి తోస్తది," అన్నాడు జితేందర్. "నువ్వు జర వదిలితె ఏం పోతది?"

"నా వంతుల నేనెందుకు వదలాలె? నా వంతు అయినంక గద నీది—"

"వంతులు మార్చే స్విచ్ కోడ్ నేనే రాసిన. మస్తు ఫాస్ట్. ఒక్క క్లాకు గూడ వేస్ట్ గాదు!" క్లాకంటే చిప్పు గుండె ఒక్కసారి కొట్టుకునేంత సేపు.

మాలతి ఫోన్ మోగింది. అమ్మ. అలివేలమ్మ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"మాలతీ! మీ చిన్నాయన మల్ల గదే పని జేసిండే! మోటరు బంద్ చెయ్యకుండనే వాల్ తిప్పిండు. పైపు ఫట్‌మని పగిలింది. మీ నాయన అంతెత్తు లేస్తుండు!"

వాళ్ళకు బోరు ఒకటే, మోటరు ఒకటే, చేన్లు రెండు. ఒకటి నాయనది, ఒకటి చిన్నాయనది. నీళ్ళు వంతులవారీగా పారాలి. వంతు మారేటప్పుడు ముందు మోటరు ఆపాలి, పైపులో జోరు తగ్గేదాకా ఆగాలి, ఆ తర్వాతే నీళ్ళను రెండో చేనుకు మళ్ళించే వాల్ తిప్పాలి. చిన్నాయనకు ఆగడం రాదు.

మాలతి మెల్లగా జితేందర్ వైపు చూసింది.

"అమ్మా, చిన్నాయన కాళ్ళు మొక్కుత అని చెప్పు!" అని ఫోన్ పెట్టేసింది. "జితేందర్, నీ స్విచ్ అచ్చం మా చిన్నాయన."

"ఏంది?"

"నేనింక కిందికి గుంజుతనే ఉన్న, నువ్వు మీదికి తోసుడు మొదలువెడ్తున్నవ్. కరెంటు యాడికి పోవాలె? చిప్పు లోపల్నే పడి దాన్ని కాలుస్తది. నడుమ నాలుగు క్లాకులు ఇద్దరం తీగ వదిలెయ్యాలె. మోటరు బంద్!"

అతను ఆమె మాట చివరిదాకా విన్నాడు. మూడు నెలల్లో ఇదే మొదటిసారి.

"రెండు చాలవా?" అన్నాడు చివరికి.

"బేరాలు లేవు."

కోడ్ మార్చారు. ఆఖరి చిప్పు పెట్టారు. అలవాటుగా వేలు చాచిన జితేందర్ చేతిని మాలతి గట్టిగా పట్టేసుకుంది. "ఆగు!"

డిస్‌ప్లే మీద గదిలో వేడి ముప్పై తొమ్మిది డిగ్రీలని వచ్చింది. అది ఆమె భాష. ఆ అంకె మెమరీ కార్డులోకి ఎక్కింది. అది అతని భాష. అవే తీగలు. నిమిషం. రెండు నిమిషాలు. జితేందర్ రెండో చేత్తో చిప్పును తాకాడు.

"సల్లగుంది మాలతీ!"

ఇద్దరూ ఎగిరి గంతేశారు. పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లగా లేదు. ఎవరూ వదల్లేదు కూడా.

మర్నాడు ఎక్స్‌టర్నల్ మూడుసార్లు నడిపించి చూసి, "వంతుల మధ్య ఈ ఖాళీ పెట్టాలని ఎవరికి తట్టింది?" అని అడిగాడు.

"మా చిన్నాయనకు సార్," అంది మాలతి.

బయట అకాల వాన. వరండాలో ఇద్దరూ ఒకేసారి, "నేను—" అన్నారు. ఇద్దరూ ఆగారు.

"మీ బోరు కాడ వాల్ తిప్పనీకి మనిషి గావాల్నా?" అన్నాడు జితేందర్. "జిందగీ మొత్తం."

మాలతి గుండె ఎస్పీఐ వేగం అందుకుంది. "మా నాయన పరీక్ష పెడ్తడు మరి. ఎక్స్‌టర్నల్ కన్న కఠినం."

ఆదివారం వాళ్ళింటి పక్క బోరు దగ్గర పరీక్ష జరిగింది. మాలతి నాయన నాగప్ప అతన్ని పైనుంచి కిందికి చూసి, "వంతు మారింది పిల్లగా. వాల్ తిప్పు," అన్నాడు.

జితేందర్ వాల్ దగ్గరికి పోలేదు. స్టార్టర్ దగ్గరికి పోయి ఎర్ర బటన్ నొక్కాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైపులో గురగుర తగ్గింది, ఆగింది. ఇంకాస్త ఆగాడు. అప్పుడు తిప్పాడు.

నాగప్ప పక్కనే ఉన్న తమ్ముడి వైపు తిరిగాడు. "చూసినవారా? నేర్సుకో." ఆ తర్వాత ఇంటి వైపు కేకేశాడు. "మాలతీ! పిల్లగానికి అన్నం పెడ్దువు రా!"

తలుపు వెనక మాలతి నాలుగు క్లాకులు ఆగుదామనుకుంది. రెండింటికే పరుగెత్తింది.