గోడౌను సందులో పిలుపు

చిక్కపేట బట్టల బజార్లో గోడౌను సందు అని ఒకటి ఉండాది. పగలు తోపుడుబండ్లకి దారి ఇయ్యలేక చస్తాం. రాత్రి ఎనిమిదికి షట్టర్లు పడినాయంటే మాత్రం... ఆ పక్కకి ఎవరూ పోరు.

ఎనకనించి పిలుస్తాదంట. ఆడగొంతు. "అమ్మా... నువ్వు అడిగిన రేటుకే ఇస్తా... రా తల్లీ..."

ఎవరో గుడ్డలమ్ముకునే ఆయమ్మ, పొద్దన్నించీ బోణీ కాక, ఆ సందులో అంగడి మెట్ల మీదనే ప్రాణం ఇడిసిందని చెప్తారు. తిరిగి చూస్తే రక్తం కక్కుకొని చస్తారంట. అందుకే ఇన్నేండ్లలో తిరిగి చూసినోళ్ళు లేరు. నేనూ చూడలేదప్పా, అబద్ధమెందుకు? చెప్పులు చేత పట్టుకొని పరిగెత్తినదాన్ని.

చూసింది మా పిన్నమ్మ కూతురు వరూధిని ఒక్కతే. రెండువేల మూడులో. అది నాకు చెప్పింది చెప్పినట్టే చెప్తాను.

వరూధినికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఏడాది ఆఫీసోళ్ళు రెండు వారాలు బ్యాంకాక్ పంపించినారు. శనివారం అక్కడి సంతకి పోయింది. చిక్కపేటలో పుట్టి పెరిగిన పిల్లకి బేరమాడేది ఎవరు నేర్పించల్ల? ఒక ముసలామె పట్టుగుడ్డ పరిచి, క్యాలిక్యులేటర్లో రేటు కొట్టి చూపించింది. ఇది అందులో పావు వంతు కొట్టింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇది లేచి నడిచింది. మన మామూలు ఆటే కదా, నాలుగడుగులేస్తే వాళ్ళే పిలుస్తారు.

పిలిచింది. ఇది ఆగలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. ఇంకోసారి పిలవనీ అని నడిచి, నడిచి... మూడోసారికి ఎనక్కి తిరిగి, తను చెప్పిన రేటుకే గుడ్డ తీసుకొనింది.

ఆ ముసలామె నోటు అందుకొని, దాంతో ముందరున్న బట్టలన్నిటినీ తట్టింది. ఒక్కొక్కదాన్నీ... మెల్లగా.

భాష రాకపోతే ఏం, మనోళ్ళు బోణీ డబ్బు కళ్ళకద్దుకున్నట్టే ఉంటే వరూధినికి అర్థమయిపోయింది. సాయంత్రం అయిదు. అదే ఆమెకి బోణీ.

"అప్పుడైనా ఇంకో నోటు ఇచ్చి రావచ్చు కదక్కా," అనింది నాతో. "ఇయ్యలేదు. హోటల్లో అందరికీ గుడ్డ చూపించి గొప్పలు చెప్పుకున్నా." ఆ మాట చెప్పేటప్పుడు అది నా మొగం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోతా ఉండాది పాపం.

ఊరికొచ్చినాక ఆ గుడ్డని జాకెట్ కుట్టించల్లని చిక్కపేట టైలరు దగ్గరికి పోయింది. బయటికొచ్చేసరికి ఎనిమిది దాటింది. కరెంటు పోయింది. బస్సు పోతుందేమోనని గోడౌను సందులోనించి అడ్డదారి పట్టింది.

సగం దూరం నడిచిందో లేదో –

"అమ్మా..."

నడక పెంచింది.

"నువ్వు అడిగిన రేటుకే ఇస్తా తల్లీ... రా..."

ఈ సందులో వరూధిని ఎవర్నీ ఏ రేటూ అడగలేదు. అడిగింది బ్యాంకాక్‌లో.

పరిగెత్తాల్సింది. కానీ ఒక మనిషి చేత అన్నిసార్లు పిలిపించుకుంటా నడిచేది ఇంకొకసారి తనకి చేతకాలేదంట. రక్తం కక్కుకుంటే కక్కుకుంటాలే అని... తిరిగింది.

మెట్ల మీద చీకట్లో ఏదో కదిలింది. తెల్లగా... వంగిపోయి... చెయ్యి చాపింది. వరూధిని సెల్‌ఫోను వెలుతురు అటు పట్టింది.

ముసలవ్వ. ఒళ్ళో తువ్వాళ్ళ కట్ట.

"భయపడొద్దు తల్లీ," అని గుసగుసగా అనింది. "దెయ్యాన్ని కాదు, కదిరమ్మని. పగలు అంగళ్ళ ముందర కూర్చోనీరు. చీకటి పడినాక కూర్చుంటే జనం పరిగెత్తిపోతారు. ఈ పొద్దు ఇంకా బోణీ కాలేదు."

వరూధినికి ఏడుపొచ్చింది. అక్కడ చేసిన తప్పు ఇక్కడన్నా దిద్దుకోవల్లని పర్సులో నూర్రూపాయల నోటు పట్టుకొనింది. ఒక తువ్వాలు తీసుకొని, చిల్లర అడక్కుండా పోదామని. ఎంతవ్వా అని అడిగింది.

ముప్పై అనింది అవ్వ.

"ఇరవైకిస్తావా?"

ఆ మాట ఎవరన్నారా అని వరూధినే పక్కకి చూసిందంట. సందులో ఇంకెవరూ లేరు, బేరానికి అలవాటు పడిన తన నోరు తప్ప. అవ్వ తువ్వాలు మడిచి చేతిలో పెట్టేసింది.