వేనుకి కుట్టిన రవికె

వేనుకి రవికె కుట్టినవాడు. మా చుట్టాల్లో ఇప్పటికీ నన్ను అలాగే అంటారు. నేను ఎవరికీ జవాబు చెప్పను. ఈ ఒక్కసారి చెబుతాను.

అరవై ఎనిమిదో సంవత్సరం. విజయనగరంలో అసిరయ్య మేస్త్రి షెడ్డులో నాది టింకరింగ్ పని. బస్సులకీ లారీలకీ సొట్టలు తీయడం, రేకులు మార్చడం. పక్కనే జగన్నాధం గారి కుట్టు కొట్టు. ఆయన కూతురు నీలవేణి ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. వాళ్ళకీ మాకూ మధ్య తడిక ఒక్కటే అడ్డం.

ఒకరోజు ఆ తడిక మీద నుంచి ఒక తల లేచింది.

"ఏటి బాబూ, ఆ రేకు నీకేటన్నా అపకారం సేసిందా? అలగ బాదతన్నావు! నా సూది అదిరిపోతన్నాది."

సుత్తి ఆపాను.

"మాటాడవేటి? మూగోడివా?"

"కాదు."

"హమ్మయ్య. ఒక మాట ఉన్నాది."

తల దిగిపోయింది. ఆ రోజు నా సుత్తి దెబ్బ ఒక్కటీ చోటున పడలేదు.

తరవాతి వారం వానలో, లారీ వెనక తాడు కట్టుకుని ఒక వింత వ్యాన్ వచ్చింది, మా నోట వేను. బుగ్గల బండి. ముక్కు లేదు, మొహం మాత్రం గుండ్రంగా ఉంది. లోపల మంచం, పొయ్యి, కిటికీలకి పూల పరదాలు. బండి కాదు, ఇల్లే. హాన్స్ అనే జర్మనీ దొర, అతని భార్య అంత దూరం నుంచి రోడ్డు మీదే వచ్చారట. భోగాపురం దగ్గర ఎద్దుబండిని తప్పించబోయి తాటిచెట్టుకి గుద్దేశారు.

ముందు రేకు కుడిపక్క అప్పడంలా నలిగిపోయింది. ఎడమపక్క ఆకారం బాగానే ఉంది గాని కిందంతా తుప్పు. మొత్తం మార్చాల్సిందే.

మేస్త్రి చేతులు తిప్పి చెప్పాడు. అలాంటి రేకు ఈ దేశంలో దొరకదు, తెప్పిస్తే మూడు నెలలు.

దొర కూడా వేళ్ళు చూపించాడు. పన్నెండు రోజులు. "క్యాల్కటా. షిప్."

దొరసాని నలిగిన రేకు మీద చెయ్యి వేసి నిలబడింది. జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద వేసినట్టు.

"నాను సేస్తాను," అన్నాను.

అందరూ తిరిగి చూశారు.

"ఒరే గంగులూ," అన్నాడు మేస్త్రి, "ఏడాదికి నాలుగు మాటలు ఆడతావు. అందులో ఒకటి ఇలగ పారీసినావా? సెయ్యలేకపోతే?"

"ఈ సుత్తి ఇక్కడ పెట్టీసి ఊరొదిలి ఎల్లిపోతాను."

తడిక అవతల మిషను ఆగిపోయింది.

పాత బస్సు పైకప్పు నుంచి ఒక మంచి రేకు కోసి తెచ్చాను. ఉన్నది అదొక్కటే. మూడు రోజులు దాని ముందు కత్తెర పట్టుకుని కూర్చున్నాను. బస్సు రేకు ఒకవైపే వంగుతుంది, అది నాకు తెలుసు. ఈ బండి మొహం గుమ్మడికాయలా అన్ని వైపులా తిరిగి ఉంది. ఎక్కడ కోయాలో తెలియలేదు.

నాలుగో రోజు నీలవేణి తడిక తప్పించుకుని లోపలికే వచ్చేసింది.

"మూడు దినాలయింది, సుత్తి సప్పుడు లేదు. నాకు కుట్టు సాగట్లేదు."

"సప్పుడుంటే సూది అదురుతాదన్నావు."

"ఓలమ్మా, రెండు మాటలు!" అని నవ్వి బండి ముందుకు వెళ్ళింది. రెండు లైట్ల మధ్య నుంచి కిందికి దిగిన గీత మీద వేలు పెట్టింది. "దీనికి వి మెడ ఉన్నాదే! ఇది రవికే కదా?"

"రేకు."

"ఏదైతేనేం, వంపు వంపే. సదునైన బట్ట గుండ్రటి ఒంటికి ఎలగ అతుకుతాదో తెలుసా నీకు? ఎక్కువైన సోట టక్కు ఏస్తాం. బట్టని మడిసి దాసీడం. నువ్వు రేకుని దాసీ."

గంజి కాచి తెచ్చింది. పాత పేపర్లు ముక్కలు చేసి బాగున్న ఎడమపక్క మీద వరసలుగా అతికించింది. వాన చల్లదనానికి ఆరడానికి ఒక రోజు పట్టింది. తీస్తే పేపరు చిప్పలా నిలబడింది. అంచుల నుంచి నాలుగు చోట్ల కత్తిరించి నేల మీద పరిచింది. కత్తిరించిన చోట సందులు విచ్చుకున్నాయి.

"ఈ సందులే టక్కులు. ఇక్కడ నీ రేకు దగ్గరపడాల. అర్థమయిందా, లేకపోతే ఏడాది కోటా అయిపోయిందా?"

"అయింది."

"ఏది? కోటానా, అర్థమా?"

నేను నవ్వాను. నేను నవ్వడం మా షెడ్డులో ఎవరూ చూడలేదు.

గంగులు బండికి రవికె కుట్టిస్తన్నాడంట అని బజారంతా పాకిపోయింది. తడిక అవతల జగన్నాధం గారి గొంతు నాకు వినపడేలాగే లేచింది. "మనోడే, పిల్లనియ్యకూడదని అనను. అయినా రేకు కొట్టేవోడి ఇంట్లో సెవులు నిలుస్తాయా?"

"మిషను కొట్టేవోల్ల ఇంట్లో నిలిసినాయి కదా నాన్నా!"

తుమ్మ మొద్దుకి గుంత తీసి, అందులో రేకు పెట్టి కొయ్య సుత్తితో కొట్టాను. టక్కు ఉన్న చోట ఎర్రగా కాల్చి దగ్గరికి తోశాను. నాలుగు రోజుల్లో రెండు సగాలు తయారయ్యాయి. గుండె నిండిపోయింది. రెండూ గోడకి చేర్చి ఆమెని పిలిచాను.

చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చింది, మధ్యలో ఆగిపోయింది.

"గంగులూ... రెండూ ఎడమే."

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. కానీ ఆ పిలుపు నాకు ఆనలేదు. ఒకే పేపరు, తిరగెయ్యకుండా రెండుసార్లు కోసేశాను. ఇంకో రేకు లేదు. నాలుగు రోజులే మిగిలాయి.

సుత్తి కింద పెట్టాను.

"ఏటది?"

"మాట ఇచ్చినాను."

"పేపరు తిరగెయ్యమని సెప్పనిది నాను. తప్పులో సగం నాది. నాను ఎల్లిపోతన్నానా ఊరొదిలి? ఎత్తు సుత్తి!"

నేను ఎత్తలేదు. ఆమె కొట్టులోకి పోయి, కుట్టు పూర్తికాని ఒక రవికె ముక్క తెచ్చింది.

"ఇది ఎడమ ముక్క. సూడు." లోపలిది బయటికి తిరగేసింది. "ఇప్పుడేటి?"

కుడి ముక్క.

"నీ రేకుని తిరగెయ్యగలవా?"

అలాంటి పని చేసినవాడిని నేను చూడలేదు. అయినా సుత్తి ఎత్తాను.

వాన కొడుతోంది. పైన టార్పాలిన్ కట్టాం. రేకుని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, ఉబ్బు పైకి వచ్చేలా మొద్దు మీద బోర్లా వేసి, నడుమ నుంచి కొట్టుకుంటూ పోయాను. ఆమె పేపరు తిరగేసి పట్టుకుని పక్కన నిలబడింది. సూది అదురుతోందని అనలేదు. మూడోసారి కాల్చాక ఆ బొజ్జ "టప్" మని గుంతలోకి దిగిపోయింది. రేకు తిరగబడింది. ఎక్కడా చిట్లలేదు.

"కుడి!" అని కేక వేసింది నీలవేణి. సుద్దముక్క తీసి లోపలివైపు "కు" అని రాసింది.

ఆ తరవాత వి గీత తీయడం, రెండు సగాలూ అతకడం, ఆకురాయి పట్టడం, రంగు. లోపలివైపు రంగు నేనే వేశాను. ఆ సుద్ద అక్షరం చుట్టూ జానెడు మేర వదిలేశాను.

పన్నెండో రోజు పొద్దున్న బండి ఎండలో నిలబడింది. అసిరయ్య మేస్త్రి కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి పాముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అతుకు ఏదిరా?"

"మీరే సూడండి."

దొరకలేదు. దొరసాని మళ్ళీ రేకు మీద చెయ్యి వేసింది. ఈసారి నవ్వుతోంది. బజారు సగం మా షెడ్డు ముందే ఉంది. నాకు ఒళ్ళు ఒక అడుగు పెరిగినట్టయింది.

అప్పుడు జగన్నాధం గారు వచ్చారు, మెడలో టేపు. జనం దారి ఇచ్చారు. వి కొసన టేపు పెట్టి ఎడమ లైటుకి కొలిచారు. కుడి లైటుకి కొలిచారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచారు. నూలుపోగు తేడా లేదు.

"కొలత ఎవులిది?"

"మీ అమ్మాయిది."

"రెండు ఎడమలు కొట్టింది ఎవులు?"

జనం గొల్లుమన్నారు.

"నానే."

"పేపరు తిరగెయ్యమని సెప్పనిది నాను," అంది నీలవేణి, నా పక్కకి వచ్చి నిలబడి.

ఆయన మా ఇద్దరినీ చూశారు. బండి లైట్లని చూసినట్టే, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. టేపు తీసి నా మెడ చుట్టూ వేశారు.

"మెడ పద్నాలుగున్నర. రాసుకోయే అమ్మీ."

"ఏటికి నాన్నా?"

"నా అల్లుడి పెల్లి సొక్కా ఇంకోడు కుడితే నా పరువేటి కావాల?"

ఆమె మొహం ఎర్రబడింది. అయినా గడుసుతనం పోలేదు.

"ముందు ఆయన్ని ఒక మాట అడగాల కదా."

మేస్త్రి, దొర, దొరసాని, బజారు, అందరూ నా వైపే చూశారు. టేపు ఇంకా మెడకే ఉంది.

"సేసుకుంటాను," అన్నాను.

"హమ్మయ్య," అంది నీలవేణి. "ఒక మాట ఉన్నాది."