మూడో సలాం

చెప్పులు కొనాలన్నా నాలుగు దుకాణాలు తిరగనిదే తృప్తిపడని మనిషి ఇష్రత్. అలాంటిది, పెళ్లయ్యాక మొదటిసారి ఊరు దాటి అండమాన్‌కి వెళ్తుంటే దిగే చోటు విషయంలో ఊరుకుంటుందా? సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలోని రెండో అంతస్తు ఇంట్లో కూర్చుని, ఫోన్లో గదులన్నీ జల్లెడ పట్టేస్తోంది. మొగుడు సుభాన్ ఏసీలు బాగుచేసే పని మీద ఊరంతా తిరుగుతూ, "నీకేది నచ్చితే అదే తీస్కో, నన్ను పరేషాన్ చెయ్యకు" అని చల్లగా తప్పుకున్నాడు.

ఈ ప్రయాణమంతా కూతురు ఖుష్బూ కోసం. ఏడేళ్ల పిల్ల. చలికాలమంతా టైఫాయిడ్‌తో మంచం పట్టి, దక్కుతుందో లేదో అని ఇంటిల్లిపాదినీ ఏడిపించి లేచింది. ఇప్పటికీ ఆ మంచమే దాని లోకం. తోడుగా ఆడుకునే పిల్లలు లేరు. దాన్ని ఒక్కసారి ఎండలో, ఇసుకలో పరుగెత్తించాలని ఇష్రత్ ఆశ.

వడపోతలో చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఓడలాగే జెట్టీ దగ్గర హోటలు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. రెండోది సముద్రం ఒడ్డున చెక్క ఇల్లు. ఫొటోల్లో దాని నిండా ఎండే. ఇష్రత్ మనసు దాని మీదే పడింది.

మధ్యాహ్నం ఆ ఇంటిని చూసుకునే జోగారావు వీడియో కాల్ చేశాడు. శ్రీకాకుళం నుంచి ఎప్పుడో ద్వీపానికి వెళ్లి అక్కడే స్థిరపడిన మనిషి. "సూడండమ్మా, ఎంత గాలో" అంటూ ఫోన్ ముందుకు పెట్టి తలుపు తీశాడు.

ఖాళీ ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు సలాం చెప్పాలని చిన్నప్పుడు నానీ, అంటే అమ్మమ్మ, నేర్పింది. కాలు సికింద్రాబాద్‌లోనే ఉన్నా, ఇష్రత్ నోరు ఊరుకోలేదు.

"అస్సలాము అలైకుం."

"వ అలైకుం అస్సలాం," అంది ఫోన్లోంచి ఓ చిన్నపిల్ల గొంతు.

ఇష్రత్ నవ్వింది. "మీ పాపనా, అన్నా?"

"పాపేటమ్మా? నానొక్కణ్నే ఉన్నాను."

అంతలో ఖుష్బూ తల్లి భుజం మీంచి తొంగిచూసింది. "అంకుల్, ఆడ నాతోని ఆడుకోనీకి ఎవరన్న ఉన్నరా?"

తెర మీద గది ఒక్కసారి ఊగింది. జోగారావు బయటికి వచ్చేశాడు. ఇష్రత్ గుచ్చి గుచ్చి అడిగాక గొంతు తగ్గించాడు.

"కిందటేడు ఓ కుటుంబం దిగిందమ్మా. మీలాగే సలాం సెప్పుకునేవోళ్లు. ఆళ్ల పాపని సముద్రం తీసుకుపోయింది. మీకూ పిల్లుంది గదా... ఇక్కడొద్దమ్మా."

ఇష్రత్ గబగబా జెట్టీ దగ్గర హోటలే ఖాయం చేసింది. కిటికీకి గోడుంటే ఉండనీ. పిల్ల క్షేమంగా ఉంటే చాలు అనుకుంది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక కరెంటు పోయింది. చినుకు పడి ఎన్నాళ్లయిందో, గోడలు ఇంకా సెగలు కక్కుతూనే ఉన్నాయి. ఆ ఉక్కలోకి మెల్లగా ఏదో వాసన వచ్చింది. ముందు వంటింట్లో ఏదో పాడైందనుకుంది. కాదు. ఉప్పు వాసన. నాచు వాసన. తలుపు వైపు నుంచి...

మెట్ల మీద తడికాళ్ల చప్పుడు. చప్... చప్... గుమ్మం దగ్గర ఆగింది.

"అస్సలాము అలైకుం."

అదే గొంతు.

ఖుష్బూ జవాబివ్వబోయింది. ఇష్రత్ దాన్ని ఒళ్లోకి లాక్కుని నోరు మూసింది. "సప్పుడు చెయ్యకు బేటా," అని గుసగుసలాడింది.

"అస్సలాము అలైకుం..."

నానీ మాట గుర్తొచ్చింది. గుమ్మం బయట మూడుసార్లు సలాం చెప్పినా జవాబు రాకపోతే, వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోవాలి. జవాబిచ్చామా, లోపలికి రమ్మన్నట్టే. ఇంక ఒక్కటి. అదొక్కటీ ఓర్చుకుంటే చాలు. ఇష్రత్ కళ్లు గట్టిగా మూసుకుంది.

నిశ్శబ్దం.

"అస్సలాము అలైకుం! ఏందీ, చీకట్ల కూసున్నరా?"

సుభాన్ గొంతు. భుజం మీది సంచిలో పానాల గలగల. ఇష్రత్ చేయి అప్రయత్నంగా సడలింది.

"వ అలైకుం అస్సలాం, అబ్బూ!" ఖుష్బూ గట్టిగా అరిచింది.

ఇష్రత్ ఏడుపు ఆపుకుంటూ వెళ్లి తలుపు తీసింది. సుభాన్ ఒక్కడే ఉన్నాడు.

"మెట్ల మీద... ఎవరన్న కనబడ్డరా?"

"ఎవ్వరు లేరు. ఏమైంది, గిట్ల వణుకుతున్నవ్?"

అతను బూట్లు బయటే విప్పి లోపలికి వచ్చాడు. ఇష్రత్ ఫోన్ లైటు వేసింది.

అతని పొడి పాదాల పక్కనే, గచ్చు మీద చిన్న చిన్న తడి అడుగులు. వాటిలో తెల్లటి ఇసుక. గుమ్మం దాటి... సుభాన్‌ని దాటి... నేరుగా మంచం దాకా.

ఖుష్బూ అప్పటికే మంచం ఎక్కింది. గోడ వైపు జరిగి, పక్కన చోటు ఇచ్చి కూర్చుంది. ఆ చోట పరుపు మెల్లగా అణిగింది.

"అమ్మీ, జెర తువ్వాల ఇయ్యవా? మొత్తం తడిసిపోయింది," అంది ఖుష్బూ సంబరంగా. "మన ఇల్లు నచ్చిందంట. ఇగ ఈడనే ఉంటదంట."